జేక్వెరీ సైట్ మొరాయిస్తే: మరమ్మతా, తొలగింపా?

మరమ్మతు వాది: పాత వెబ్‌సైట్‌లో మెనూ తెరుచుకోకపోయినా, ఫోటోల స్లైడర్ కదలకపోయినా, ఫారంలో బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేకపోయినా ముందుగా నింద పడేది జేక్వెరీ మీదే. జాన్ రెసిగ్ దాన్ని 2006 జనవరిలో న్యూయార్క్‌లో బయటపెట్టే నాటికి ఒక్కో బ్రౌజర్‌ది ఒక్కో దారి. క్లిక్‌ను పట్టుకోవడానికి ఫైర్‌ఫాక్స్ కోసం ఒక రకంగా, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కోసం మరో రకంగా కోడ్ రాయాల్సి వచ్చేది. ఆ తేడాలన్నీ తన వెనక దాచుకుని ఒక్క డాలర్ గుర్తుతో పని జరిపించిన జావాస్క్రిప్ట్ లైబ్రరీ అది. దానితో కట్టిన సైట్లు ఇప్పటికీ కోట్లలో నడుస్తున్నాయి. వాటిలో కనిపించే లోపాల్లో ఎక్కువ భాగం లైబ్రరీవి కావు. ఫైళ్లను పిలిచిన వరసలోనో, ఫంక్షన్లను వాడిన తీరులోనో పొరపాటు ఉంటుంది. దాన్ని దిద్దితే సైట్ మళ్లీ నడుస్తుంది. అంతకుమించిన చికిత్స అక్కర్లేదు.

తొలగింపు వాది: రెసిగ్ తీర్చిన కష్టం నిజమైనదే, ఆ లైబ్రరీ చేసిన మేలును కాదనే పని లేదు. అయితే ఆ కష్టం ఇప్పుడు లేదు. పేజీలోని భాగాలను వెతికిపెట్టే క్వెరీసెలెక్టర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8 నాటికే బ్రౌజర్లలోకి వచ్చేసింది. సర్వర్ నుంచి సమాచారం తెప్పించే ఫెచ్ 2015 నుంచి ఒక్కో బ్రౌజర్‌లో చేరుతూ వచ్చింది. విండోస్ 10లోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కు మైక్రోసాఫ్ట్ 2022 జూన్‌లో మద్దతు ఆపేసింది. కారణం పోయినా పొర మాత్రం మిగిలింది. లోపం వెతికేవారికి ఇప్పుడు రెండు ప్రవర్తనలు తెలిసి ఉండాలి: జావాస్క్రిప్ట్‌ది ఒకటి, దాని మీద కూర్చున్న జేక్వెరీది ఇంకొకటి. ఎన్నిసార్లు బాగుచేసినా ఆ పొర అలాగే ఉండి తర్వాతి లోపానికి చోటు ఇస్తుంది.

మరమ్మతు వాది: అన్నిటికన్నా తరచుగా కనిపించే ఎర్రర్‌నే తీసుకోవచ్చు. కన్సోల్‌లో ఎర్ర అక్షరాలతో ‘డాలర్ ఈజ్ నాట్ డిఫైన్డ్’ అని పడుతుంది. డాలర్ గుర్తును వాడిన కోడ్ నడిచే సమయానికి జేక్వెరీ ఇంకా రాలేదని దాని అర్థం. ఇందుకు కారణాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. జేక్వెరీ కంటే ముందే దాన్ని వాడే ఫైల్‌ను పేజీలో పెట్టి ఉండవచ్చు. వేగం కోసం జేక్వెరీ ట్యాగ్‌కు ఎసింక్ తగిలించి ఉండవచ్చు. ఎసింక్ ఉన్న ఫైల్ దిగిన వెంటనే నడుస్తుంది తప్ప వరస పాటించదు. అందుకే అలాంటి పేజీ ఒకసారి బాగానే తెరుచుకుంటుంది, మరోసారి పాడైనట్టు కనిపిస్తుంది. డిఫర్ పెడితే వరస తప్పదు గానీ, పేజీ మొత్తాన్ని బ్రౌజర్ చదివాకే ఆ ఫైల్ నడుస్తుంది. కనుక పేజీ మధ్యలో నేరుగా రాసిన కోడ్‌కు అప్పటికి డాలర్ గుర్తు అందదు. సైట్ హెచ్‌టీటీపీఎస్‌కు మారినా జేక్వెరీ చిరునామా పాత హెచ్‌టీటీపీలోనే ఉండిపోవడం ఇంకో కారణం. అలాంటి స్క్రిప్ట్‌ను బ్రౌజర్ రానివ్వదు. డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి పేజీని మళ్లీ లోడ్ చేస్తే ఫైల్ వచ్చిందో లేదో, 404 అయిందో, ఏ వరసలో వచ్చిందో అన్నీ కంటికి కనిపిస్తాయి. కొన్ని నిమిషాల్లో తేలే ఈ పనికి సైట్ మొత్తం తిరగరాయడం ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పుపెట్టినట్టే.

తొలగింపు వాది: ఆ ఎర్రర్ తేలికైనదే. దాని దాయాదులు అంత తేలికైనవి కావు. ‘డేట్‌పికర్ ఈజ్ నాట్ ఎ ఫంక్షన్’ అని పడినప్పుడు చూస్తే జేక్వెరీ ఫైల్ వచ్చే ఉంటుంది, ప్లగిన్ ఫైలూ వచ్చే ఉంటుంది, నెట్‌వర్క్ ట్యాబ్‌లో అంతా పచ్చగానే ఉంటుంది. వెతగ్గా వెతగ్గా థీమ్ ఒక జేక్వెరీని, ఇంకెవరో పెట్టిన విడ్జెట్ మరో జేక్వెరీని తెచ్చాయని బయటపడుతుంది. రెండోది వచ్చి మొదటిదాని చోటు ఆక్రమించడంతో, మొదటిదానికి తగిలించిన ప్లగిన్లన్నీ దానితోపాటే కనుమరుగయ్యాయి. సర్వర్ నుంచి సమాచారం తెప్పించే ఎజాక్స్ అనే ఫంక్షనే లేదని ఎర్రర్ వస్తే అది స్లిమ్ వెర్షన్ కావచ్చు. ఎజాక్స్, యానిమేషన్ భాగాలు అందులో ఉండవు. బూట్‌స్ట్రాప్ 4 తన నమూనా పేజీలో ఆ స్లిమ్ వెర్షన్‌నే చూపించింది, దాన్ని యథాతథంగా తెచ్చుకున్నవారంతా ఈ చిక్కులో పడ్డారు. వర్డ్‌ప్రెస్‌లో మరో తంటా. అక్కడ జేక్వెరీ నోకాన్‌ఫ్లిక్ట్ పద్ధతిలో లోడవుతుంది. డాలర్ గుర్తు పనిచేయదు, జేక్వెరీ అని పూర్తి పేరు రాయాలి. ఈ మూడూ వేర్వేరు లోపాల్లా కనిపిస్తాయి గానీ మూలం ఒకటే. థీమ్, ప్లగిన్, సైట్ యజమాని రాయించుకున్న కోడ్ అన్నీ ఒకే పేరును, ఒకే వస్తువును పంచుకోవాల్సి రావడమే ఆ మూలం.

మరమ్మతు వాది: పంచుకున్న పేరు వల్ల తగాదాలు వస్తాయన్నది ఒప్పుకోవలసిందే. కానీ అది జేక్వెరీకి మాత్రమే పట్టిన దోషం కాదు. రియాక్ట్ అనే మరో లైబ్రరీతో కట్టిన సైట్‌లో రెండు రియాక్ట్ కాపీలు చేరితే హుక్స్ పనిచేయక అర్థంకాని ఎర్రర్ వస్తుంది. పరాయి కోడ్ మీద ఆధారపడిన ప్రతిచోటా ఈ బెడద ఉన్నదే. జేక్వెరీ విషయంలో కనీసం మందు అందరికీ తెలుసు. కన్సోల్‌లో ఒక్క మాట అడిగితే ఏ వెర్షన్ నడుస్తోందో అదే చెబుతుంది. నెట్‌వర్క్ ట్యాబ్‌లో పేరుతో వడకడితే ఎన్ని కాపీలు వచ్చాయో తెలుస్తుంది. వర్డ్‌ప్రెస్‌లోనైతే కోడ్‌ను ఒక ఫంక్షన్‌లో చుట్టి, లోపలికి జేక్వెరీని డాలర్ గుర్తు పేరుతో పంపితే మిగతా కోడ్‌ను ముట్టుకోనక్కర్లేదు.

తొలగింపు వాది: ఇప్పటిదాకా చెప్పుకున్నవన్నీ కనీసం ఎర్రర్ ఇచ్చే లోపాలు. ఎర్రర్ కూడా ఇవ్వని లోపం సంగతి వేరు, జేక్వెరీ మీద ఉన్న అసలు అభియోగం అదే. పేజీలో లేని భాగాన్ని వెతకమంటే జేక్వెరీ ఖాళీ జాబితా తెచ్చి ఇస్తుంది. ఆ ఖాళీ జాబితాకు క్లిక్ తగిలించమన్నా, దాచమన్నా, రంగు మార్చమన్నా సరేనంటుంది. ఏమీ చేయదు, ఏమీ చెప్పదు. ఐడీలో హైఫన్ బదులు అండర్‌స్కోర్ పడిందనుకుంటే, కన్సోల్ శుభ్రంగా ఉంటుంది, బటన్ మాత్రం పనిచేయదు. అదే పని నేరుగా జావాస్క్రిప్ట్‌లో రాస్తే క్వెరీసెలెక్టర్ నల్ ఇస్తుంది, దానికి క్లిక్ తగిలించబోతే ఫలానా ఫైల్, ఫలానా లైన్ అని చూపుతూ ఎర్రర్ పడుతుంది. మొదటి పద్ధతిలో లోపాన్ని కనిపెట్టేది సైట్‌కు వచ్చిన మనిషి. రెండో పద్ధతిలో రాసినవారే అక్కడికక్కడ కనిపెడతారు.

మరమ్మతు వాది: ఇది బలమైన వాదన. అయినా ఆ మౌనాన్ని కావాలనే అలా పెట్టారు, దానికి కారణం ఉంది. సైట్ మొత్తానికి ఒకే స్క్రిప్ట్ ఫైల్ ఉంటుంది, అది ప్రతి పేజీలోనూ నడుస్తుంది. స్లైడర్ మొదటి పేజీలోనే ఉంటుంది, కార్ట్ మరో పేజీలో, సంప్రదింపుల ఫారం ఇంకో పేజీలో. ‘ఉంటే ఈ పని చెయ్యి, లేకపోతే వదిలెయ్యి’ అన్నదే చాలాచోట్ల రాసినవారి ఉద్దేశం. నేరుగా రాసిన జావాస్క్రిప్ట్‌లో ఆ ఎర్రర్ పడిన చోటే ఆ స్క్రిప్ట్ ఆగిపోతుంది, కింద ఉన్న కోడ్ ఏదీ నడవదు. పండగ ప్రకటన బ్యానర్‌ను ఒక పేజీ నుంచి ఎవరో తీసేశారనుకుందాం. దానికోసం రాసిన లైన్ దగ్గర నల్ ఎర్రర్ పడింది. దాని కింద ఉన్న చెల్లింపు బటన్ కోడ్ నడవనే లేదు. కనిపించకుండా పోయినది అలంకారం, ఆగిపోయినది అమ్మకం. ఇలా జరగకూడదనే ఇప్పుడు జావాస్క్రిప్ట్ రాసేవారు కూడా 2020 ప్రమాణంలో వచ్చిన ప్రశ్నార్థకం, చుక్క వాడి ‘ఉంటేనే’ అని రాస్తున్నారు. అది జేక్వెరీ మౌనమే కదా.

తొలగింపు వాది: ఆ గుర్తు రాసినచోటే మౌనం ఉంటుంది, మిగతాచోట్ల ఎర్రర్ వస్తుంది. ఏది ఉన్నా లేకపోయినా పర్వాలేదో, ఏది తప్పక ఉండాలో రాసేవారు ఎంచుకోవచ్చు. జేక్వెరీలో ఆ ఎంపిక లేదు. చెల్లింపు బటన్ కూడా బ్యానర్ లాగే ‘లేకపోయినా పర్వాలేదు’ కిందికి వస్తుంది.

మరమ్మతు వాది: ఎంపిక లేదనడం సరికాదు. వెతికిన జాబితా పొడవు సున్నా అయితే కన్సోల్‌లో హెచ్చరిక వేయమని ఒక్క లైన్ చాలు. ముఖ్యమైన నాలుగు బటన్లకు ఆ లైన్ చేరిస్తే సరిపోతుంది. అయితే చాలామంది ఆ లైన్ రాయలేదన్నది వాస్తవం, దాన్ని దాచే పని లేదు.

తర్వాతి పెద్ద తరగతి లోపం పేజీ తెరుచుకున్నాక పుట్టిన భాగాలది. ఉత్పత్తుల జాబితాలో ‘మరిన్ని చూపించు’ నొక్కితే కొత్తవి వస్తాయి, వాటి పక్కనున్న కార్ట్ బటన్లు మాత్రం పనిచేయవు. క్లిక్‌ను తగిలించిన సమయానికి ఆ బటన్లు లేకపోవడమే కారణం. క్లిక్‌ను బటన్‌కు కాకుండా, ముందునుంచీ ఉన్న జాబితా డబ్బాకు తగిలించి, లోపల ఫలానా క్లాస్ ఉన్న బటన్ మీద నొక్కితేనే స్పందించమని చెప్పాలి. జేక్వెరీ ఆన్ ఫంక్షన్‌లో ఇది ఒక్క లైన్. పాత సైట్లలో దీనికోసం లైవ్ అనే ఫంక్షన్ వాడేవారు. 1.7 వెర్షన్‌లో అది వద్దని చెప్పి, 2013 జనవరిలో వచ్చిన 1.9లో తీసేశారు. అందుకే వెర్షన్ మార్చగానే పాత కోడ్‌లో ‘లైవ్ ఈజ్ నాట్ ఎ ఫంక్షన్’ అని పడుతుంది. ఈ డెలిగేషన్‌ను నేరుగా రాయాలంటే క్లోజెస్ట్‌తో వెతకాలి, అది డబ్బా లోపలిదేనా అని చూసుకోవాలి. రాయలేనంత కష్టమేమీ కాదు, కానీ ప్రతిచోటా రాసుకోవాలి, ప్రతిచోటా తప్పు చేయడానికి వీలుంది.

తొలగింపు వాది: అదే ఆన్ ఫంక్షన్ తెచ్చే ఇంకో ప్రమాదం కూడా చెప్పుకోవాలి. కొత్త ఉత్పత్తులు వచ్చిన ప్రతిసారీ క్లిక్ తగిలించే కోడ్ మళ్లీ నడిచిందనుకుంటే, పాత బటన్లకు రెండోసారి, మూడోసారి అదే క్లిక్ తగులుతుంది. ఒక్కసారి నొక్కితే వస్తువు మూడుసార్లు కార్ట్‌లో పడుతుంది, ఆర్డర్ రెండుసార్లు వెళుతుంది. కొనుగోలుదారుకు డబ్బు పోయే లోపం ఇది. పేరు పెట్టి రాసిన ఒకే ఫంక్షన్‌ను రెండుసార్లు ఇస్తే బ్రౌజర్ సొంత యాడ్‌ఈవెంట్‌లిజనర్ రెండోదాన్ని పట్టించుకోదు. జేక్వెరీ రెండింటినీ నడుపుతుంది.

మరమ్మతు వాది: బ్రౌజర్ ఇచ్చే ఆ రక్షణ పేరున్న ఫంక్షన్‌కే. అక్కడికక్కడ రాసిన పేరులేని ఫంక్షన్ ప్రతిసారీ కొత్తదే అవుతుంది గనుక అక్కడా రెండుసార్లు తగులుతుంది, నిజానికి ఎక్కువమంది రాసేది అలాగే. జేక్వెరీలో క్లిక్‌కు చుక్క పెట్టి ఒక ఇంటిపేరు ఇవ్వవచ్చు. ఆ ఇంటిపేరుతో ముందు ఆఫ్ చేసి, తర్వాత ఆన్ చేస్తే ఎన్నిసార్లు నడిచినా ఒక్కటే మిగులుతుంది. దీనికి సాటివచ్చే సౌకర్యం బ్రౌజర్‌లోకి అబార్ట్‌కంట్రోలర్ సిగ్నల్ రూపంలో చాలా ఆలస్యంగా వచ్చింది. అయినా ఆర్డర్ రెండుసార్లు వెళ్లకుండా చూడాల్సిన చివరి కాపలా సర్వర్ దగ్గరే ఉండాలి. నొక్కగానే బటన్‌ను ఆపేయడం మర్యాద మాత్రమే, భద్రత కాదు.

తొలగింపు వాది: ఆ చివరి మాటలో భేదాభిప్రాయం లేదు.

చెక్‌బాక్స్ సంగతి మరో ఉదాహరణ. పాత కోడ్‌లో చెక్‌బాక్స్‌కు టిక్ పెట్టడానికి యాట్రిబ్యూట్‌ను మార్చేవారు. యాట్రిబ్యూట్ చెప్పేది పేజీ పుట్టినప్పటి స్థితి. ఇప్పటి స్థితి ప్రాపర్టీలో ఉంటుంది. జేక్వెరీ మొదట్లో ఈ రెంటినీ కలిపేసి, 2011లో 1.6 వెర్షన్‌తో ప్రాప్ అనే ఫంక్షన్ తెచ్చి విడదీసింది. అందువల్ల ‘అన్నీ ఎంచుకో’ అనే పెట్టె మొదటిసారి పనిచేసి, రెండోసారి పనిచేయని సైట్లు ఎన్నో తయారయ్యాయి. డేటా ఫంక్షన్‌ది కూడా అదే కథ. డేటా యాట్రిబ్యూట్‌ను ఒకసారి చదివాక జేక్వెరీ ఆ విలువను తన దగ్గర దాచుకుంటుంది. తర్వాత యాట్రిబ్యూట్ మారినా పాత విలువే ఇస్తుంది. ఎలిమెంట్స్ ట్యాబ్‌లో కొత్త విలువ కళ్లెదుట కనిపిస్తుంటే కోడ్‌కు పాతది అందుతుంది, వెతికేవారికి మతిపోతుంది. ఇవి జావాస్క్రిప్ట్ లోపాలు కావు, పొర తెచ్చిన లోపాలు.

మరమ్మతు వాది: పొర తెచ్చిన లోపాలు ఉన్నాయి. పొర తీసేస్తే వచ్చే లోపాలు కూడా ఉన్నాయి, వాటి ముచ్చట తొలగింపు పక్షం ఎత్తదు. సర్వర్ నుంచి 404 గానీ 500 గానీ వస్తే జేక్వెరీ ఎజాక్స్ ఎర్రర్ దారిలోకి పోతుంది. ఫెచ్ అలా కాదు. సర్వర్ ఏ జవాబు ఇచ్చినా, అది తిరస్కారమే అయినా, ఫెచ్ దృష్టిలో పని అయినట్టే. నెట్‌వర్క్ తెగిపోతేనో, క్రాస్ ఆరిజిన్ అనుమతి లేకపోతేనో మాత్రమే అది విఫలమవుతుంది. జవాబు ఓకేనా కాదా అని వేరే చూడాలి. ఎజాక్స్‌ను ఫెచ్‌గా మార్చి ఆ తనిఖీ మరిచిపోతే, సర్వర్ కూలిన రోజున కూడా ‘మీ వివరాలు అందాయి’ అని పేజీ చెబుతుంది. మౌనం గురించి అంత చెప్పిన పక్షం ఈ మౌనాన్ని లెక్కలోకి తీసుకోవాలి. క్లిక్ ఫంక్షన్‌ను కొత్త పద్ధతిలో బాణం గుర్తుతో రాస్తే లోపల ‘దిస్’ అనేది నొక్కిన బటన్‌ను సూచించదు. మార్చేవారు తరచూ పడే గుంట అదే.

తొలగింపు వాది: ఫెచ్ గురించి చెప్పినది అక్షరాలా నిజం. ఆ తనిఖీని ఒకే ఫంక్షన్‌లో పెట్టి సైట్ అంతా దాన్నే పిలిస్తే సరిపోతుంది. కానీ ఆ ఫంక్షన్‌ను రాసుకోవాలి, అంటే చిన్న జేక్వెరీ ముక్కను తిరిగి కట్టుకోవాలి. దీన్ని ఒప్పుకోక తప్పదు.

మరమ్మతు వాది: ఇంకా పెద్ద ఒప్పుకోలు మిగిలే ఉంది. సైట్లలో మనుషుల్ని నిజంగా ఇబ్బందిపెట్టే లోపాల్లో అనేకం పొర ఉండడానికీ, దాన్ని తీసేయడానికీ సంబంధించినవే కావు. పెట్టెలో రాసిన సంఖ్య కోడ్‌కు సంఖ్యగా అందదు, అక్షరాల వరసగా అందుతుంది. 5కు 1 కలిపితే 51 వస్తుంది. నెలలు సున్నా నుంచి మొదలవుతాయి కాబట్టి తేదీ ఒక నెల పక్కకు జరుగుతుంది. ఎజాక్స్ జవాబు రాకముందే దాన్ని వాడబోతే అన్‌డిఫైన్డ్ అందుతుంది. సరిదిద్దిన ఫైల్‌ను సర్వర్‌లో పెట్టినా బ్రౌజర్ దాచుకున్న పాత ఫైల్‌నే నడుపుతుంటుంది. ఫైల్ చిరునామా చివర వెర్షన్ సంఖ్య మార్చేదాకా ‘ఇక్కడ బాగానే ఉంది, అక్కడే పనిచేయడం లేదు’ అన్న వాదులాట తెగదు.

తెలుగులో ఫారం నింపేవారికైతే మరీ దగ్గరి ఉదాహరణలు ఉన్నాయి. పేరు పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే ఒప్పుకునే నమూనా పెట్టి ఉంటే తెలుగు పేరు చెల్లదంటుంది. ‘పద అక్షరం’ అనే పేరుతో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో వాడే సంకేతం కూడా తెలుగు అక్షరాన్ని అక్షరంగా గుర్తించదు. 2018 ప్రమాణంలో వచ్చిన యూనికోడ్ లక్షణాలతో ‘ఏ భాష అక్షరమైనా సరే’ అని రాయవచ్చు. కానీ గుణింతాల గుర్తులు అక్షరాల కోవలోకి రావు, చిహ్నాల కోవలోకి వస్తాయి. ఆ కోవను కూడా చేర్చకపోతే ‘రమ’ చెల్లుతుంది, ‘రాము’ చెల్లదు. పొడవు లెక్క కూడా అంతే. ‘తెలుగు’ అనే మాటకు జావాస్క్రిప్ట్ చెప్పే పొడవు 6, చదివేవారి కంటికి అవి 3 అక్షరాలే. ఫోన్‌లో టైప్ చేస్తే ఇంకో చిక్కు. ఆండ్రాయిడ్ కీబోర్డులు చాలాసార్లు ఏ మీట నొక్కినా 229 అనే ఒకే సంఖ్య ఇస్తాయి. మీట సంఖ్యను బట్టి తనిఖీ చేసే కోడ్ అక్కడ పనికిరాదు, ఇన్‌పుట్ ఈవెంట్‌ను వినాలి. జేక్వెరీని కూకటివేళ్లతో పెకలించినా ఈ లోపాల్లో ఒక్కటీ పోదు. వాటిని సరిచేయడానికి పెట్టాల్సిన రోజులను తిరగరాతకు ఖర్చుపెడితే, నష్టపోయేది పేరు చెల్లక ఫారం దగ్గరే ఆగిపోయిన మనిషి.

తొలగింపు వాది: ఆ మనిషి ముందు, ఆ లోపాలు ముందు. ఈ వరసలో వివాదం లేదు. అయితే ఆ మనిషికే మరో నష్టం ఉంది, అది భద్రతది. బయటివారు రాసిన వ్యాఖ్యను హెచ్‌టీఎంఎల్ ఫంక్షన్‌తో పేజీలో పెడితే అందులో దాగిన స్క్రిప్ట్ నడుస్తుంది. అందుకే అక్షరాలను పెట్టాల్సిన చోట టెక్స్ట్ ఫంక్షన్ వాడాలి. ఇది నేరుగా రాసిన కోడ్‌లోనూ జరిగేదే. కానీ శుభ్రపరిచిన హెచ్‌టీఎంఎల్‌ను కూడా జేక్వెరీ లోపల మార్చి ప్రమాదకరం చేసే లొసుగు ఒకటి బయటపడింది. 2020 ఏప్రిల్‌లో 3.5 వెర్షన్‌తో దాన్ని పూడ్చారు. పాత 1, 2 శాఖలకు ఆ దిద్దుబాటు ఇవ్వలేదు, వాటి నిర్వహణ అంతకుముందే ముగిసింది. అంటే 1.12 మీద నిలిచిపోయిన సైట్‌ను ఎంత బాగా మరమ్మతు చేసినా ఆ కన్నం అలాగే ఉంటుంది.

మరమ్మతు వాది: వెర్షన్ పెంచడం కూడా మరమ్మతులో భాగమే. దానికోసమే జేక్వెరీ బృందం మైగ్రేట్ అనే తోడు ఫైల్ ఇచ్చింది. తీసేసిన పాత ఫంక్షన్లను అది తాత్కాలికంగా తిరిగి అందిస్తుంది, ఏ లైన్‌లో పాత పద్ధతి వాడారో కన్సోల్‌లో చెబుతుంది. 1.9 కంటే పాత కోడ్ ఉంటే ముందు మైగ్రేట్ 1తో 1.12కు రావాలి. హెచ్చరికలు ఒక్కొక్కటే తీర్చాలి. ఆ తర్వాత మైగ్రేట్ 3తో 3 శాఖకు రావాలి. ఒక్క గెంతులో పోకూడదు. అలా వస్తే అనుకోని లాభం కూడా దక్కుతుంది. పేజీ సిద్ధమయ్యాక నడిచే ఒక రెడీ ఫంక్షన్‌లో ఎర్రర్ పడితే తర్వాతి రెడీ ఫంక్షన్లు ఆగిపోయే పాత జబ్బు 3.0తో పోయింది.

తొలగింపు వాది: మైగ్రేట్ కథ వర్డ్‌ప్రెస్‌లో ఏమైందో చూస్తే ఈ నమ్మకం సడలుతుంది. జేక్వెరీ 1.12.4, మైగ్రేట్ 1.4.1 వర్డ్‌ప్రెస్‌లో ఏళ్లతరబడి కలిసి ఉన్నాయి. సైట్లకు వెళ్లేది మైగ్రేట్ కుదించిన ఫైల్. కుదించిన ఫైల్ పాత ఫంక్షన్లను నడుపుతుంది గానీ హెచ్చరికలు చూపదు. ప్లగిన్లు రాసినవారికి తమ కోడ్ ఊతకర్ర మీద నడుస్తోందనే తెలియలేదు. 2020 ఆగస్టులో వర్డ్‌ప్రెస్ 5.5తో ఆ మైగ్రేట్‌ను తీసేయగానే మెనూలు, స్లైడర్లు, అడ్మిన్ పేజీల్లోని ఎడిటర్లు ఎన్నో సైట్లలో ఒక్కసారిగా ఆగిపోయాయి. మైగ్రేట్‌ను తిరిగి తెచ్చే ప్రత్యేక ప్లగిన్‌ను వర్డ్‌ప్రెస్ బృందమే ఇవ్వాల్సి వచ్చింది. లోపాన్ని బాగుచేయకుండా భరించే సాధనం ఎంత నమ్మకంగా పనిచేస్తే, దాన్ని తీసిన రోజు దెబ్బ అంత పెద్దదవుతుంది.

మరమ్మతు వాది: ఆ ఘటన నేర్పేది వేరు. తొలగింపు ఒక్కసారిగా జరిగితే ఏమవుతుందో అది చూపించింది. ఆగిపోయిన సైట్లు ఎవరివి? ఓ బడి, ఓ చిన్న దుకాణం, ఓ స్వచ్ఛంద సంస్థ. ఎవరో కట్టిచ్చి వెళ్లిపోయిన సైట్లు. కోడ్ చదవగల మనిషి అక్కడ లేరు, పరీక్షించే ఏర్పాటు లేదు. గిట్‌హబ్ 2018లో తన సైట్ నుంచి జేక్వెరీని పూర్తిగా తీసేసింది, నిజమే. కొత్త కోడ్‌లో జేక్వెరీ చేరకుండా ఆటోమేటిక్ తనిఖీలు పెట్టుకుని, ఏళ్లపాటు కొంచెం కొంచెంగా తీసింది. అంత బలగం ఉన్న సంస్థకే ఏళ్లు పట్టింది. దాన్ని చూపి చిన్న దుకాణదారును తిరగరాయమనడం న్యాయం కాదు. సొంతంగా రాసిన నలభై లైన్లు మార్చవచ్చు, కొనుక్కున్న ప్లగిన్ లోపలి వేల లైన్లు మార్చేదెవరు?

తొలగింపు వాది: దీనికి పూర్తి జవాబు లేదు. ఉన్నది పాక్షిక జవాబే. బ్రిటన్ ప్రభుత్వ సైట్ 2022లో జేక్వెరీని తీసేసింది. కుదించి పంపినా జేక్వెరీ 3 బరువు దాదాపు 30 కిలోబైట్లు. వేగమైన లైన్ ఉన్నవారికి అది లెక్కలోకి రాదు. పాత ఫోన్‌తో, బలహీనమైన సిగ్నల్‌తో వచ్చేవారికి దించుకోవడం, చదవడం, నడపడం ప్రతిదీ ఆలస్యమే. ప్రభుత్వ సేవకు అలాంటివారే ఎక్కువ అవసరంతో వస్తారు. తిరగరాత ఖర్చు సైట్ యజమానిది, ఒక్కసారి పెట్టేది. తిరగరాయకపోతే అయ్యే ఖర్చు వచ్చేవారిది, ప్రతిరోజూ పడేది. కొత్తగా పనిలోకి వస్తున్నవారు జేక్వెరీ నేర్చుకుని రావడం తగ్గుతోంది కూడా. ఈ రోజు మరమ్మతు చేయగలిగినవారు కొన్నేళ్లకు దొరకడం కష్టమవుతుంది. అందుకే కనీసం కొత్త కోడ్‌లో దాన్ని చేర్చకూడదు, సొంత కోడ్‌లో ఉన్నదాన్ని ఒక్కో పేజీగా తగ్గించుకుంటూ పోవాలి.

మరమ్మతు వాది: కొత్త కోడ్‌లో చేర్చకూడదన్నంతవరకు సమ్మతమే. పేజీ పేజీకి తగ్గించాలన్నది మాత్రం ఆ పేజీకి ఏదో ఒక పని పడినప్పుడే. పాడుకాని పేజీని ముట్టుకుంటే పాడయ్యే అవకాశం సున్నా నుంచి పైకి లేస్తుంది. ముందు 3 శాఖలో తాజా వెర్షన్‌కు రావాలి, మైగ్రేట్ కుదించని ఫైల్‌ను పరీక్షా సైట్‌లో పెట్టి ప్రతి హెచ్చరికనూ తీర్చాలి, ముఖ్యమైన బటన్ల దగ్గర జాబితా పొడవు చూసుకోవాలి. ఈ మూడూ చేసిన సైట్‌లో జేక్వెరీ ఉండడం లోపం కాదు.

తొలగింపు వాది: ఆ మూడూ చేసేంతగా కోడ్ చదివినవారికి, తీసేయడానికి కావలసిన తెలివిడిలో సగం అప్పటికే వచ్చి ఉంటుంది. అక్కడ ఆగిపోవడమే ఒప్పుకోలేనిది. వర్డ్‌ప్రెస్ కూడా మూడు మెట్ల ప్రణాళికతోనే బయలుదేరింది. పాత మైగ్రేట్‌ను తీయడం మొదటి మెట్టు, జేక్వెరీని 3 శాఖకు తెచ్చి కొత్త మైగ్రేట్‌ను తోడివ్వడం రెండో మెట్టు, ఆ కొత్త మైగ్రేట్‌నూ తీసేయడం మూడోది.

మరమ్మతు వాది: మొదటి మెట్టు 2020 ఆగస్టులో 5.5తో, రెండోది అదే ఏడాది డిసెంబరులో 5.6తో ఎక్కింది. 2023 నవంబరులో వచ్చిన 6.4లో జేక్వెరీ 3.7.1 ఉంది, దాని పక్కనే మైగ్రేట్ 3.4.1 కూడా ఉంది.